బకెట్లో బతికి కూలర్లో చచ్చాను

నేను ఒక పంపును. పంపు అనగానే చేనుకు నీళ్ళు తోడే పెద్ద మోటారును ఊహించుకోకండి తల్లీ, అంత గొప్పదాన్ని కాను. ఎండాకాలం మీ కిటికీకి ఆనించి పెట్టుకునే రేకు కూలరు లేదూ, దాని తొట్టిలో అడుగున కూర్చుని, నీళ్ళను సన్నటి పైపులోంచి పైకి తోసి, మూడు వైపులా ఉన్న గడ్డిని తడుపుతూ ఉండే పిడికెడంత నల్లటి వస్తువును. గాలి చల్లగా వస్తే అందరూ కూలరు బాగుందంటారు. వేడిగా వస్తే పంపు పోయిందంటారు. మెప్పు దానికి, తిట్లు నాకు. ఈ లెక్క ఎవరు రాశారో గానీ, పుట్టినప్పటి నుంచీ ఇదే వరస.

నన్ను నగరం పొలిమేరలో ఒక రేకుల షెడ్డులో చేశారు. నాలో రాగి తీగ చుట్టిన ఆడమనిషి పేరు నాకు తెలియదు గానీ, ఆమె గాజుల చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. తీగ చుట్టినంతసేపూ పక్కనున్నామెకు తన ఆడబిడ్డ సంగతులు చెప్పేది. ఒకటా రెండా! ఆ మాటలన్నీ తీగతో పాటే నాలోకి చుట్టుకున్నాయి కాబోలు, నాకు వాగుడు ఎక్కువైంది. చుట్టడం అయ్యాక పైన చిక్కటి నల్లటి జిగురు పోసి మూసేశారు. నీళ్ళలోనే బతకాలట, లోపలికి మాత్రం చుక్క రాకూడదట. మనుషులు పెట్టే షరతులు ఇలాగే ఉంటాయి. ఒంటి మీద ఒక రంగు కాగితం అంటించారు. అందులో ఏం రాశారో నాకు తెలియదు, చదవడం రాదు. కొన్నవాళ్ళకు చదవడం వచ్చినా ఎవరూ చదివిన పాపాన పోలేదు.

అక్కడి నుంచి గోదావరిఖని చౌరస్తాలో కూలరు సామాన్లు అమ్మే దుకాణానికి చేరాను. వైరు పట్టి కొక్కేనికి వేలాడదీశారు. అలా తలకిందులుగా ఎన్నాళ్ళు ఉన్నానో! చివరికి ఒక టెంటు హౌసాయన వచ్చి నన్ను తన పెద్ద కూలర్లో వేసుకున్నాడు. ఇక ప్రతి ముహూర్తానికీ నేనే. ఎన్ని పెళ్ళిళ్ళు చూశానని! ఏ పందిట్లోనైనా ఒకటే తంతు. కూలరుకు ఎదురుగా నలుగురు పెద్దమనుషులు కుర్చీలు లాక్కుని గోడకట్టినట్టు కూర్చుంటారు. వెనకాల ఉన్న వందమందికి వాళ్ళ వీపులే దిక్కు. ఆ నలుగురే మళ్ళీ "ఏం కూలరయ్యా, గాలే లేదు" అంటారు.

అలాంటి ఒక పెళ్ళి రవళిది. రవళి నాన్న ఓదెలు బొగ్గుబావిలో పనిచేసే మనిషి, తల్లి సమ్మక్క. ఆ పెళ్ళిలో కూలరు ముందు కుర్చీ వేసుకున్నది పెళ్ళికొడుకు తల్లి భారతమ్మ. కరీంనగర్ మనిషి, పట్టుచీర తడుస్తుందని ఒకసారి, ఉక్కపోస్తోందని ఒకసారి కుర్చీని ముందుకూ వెనక్కూ జరుపుతూనే ఉంది. ఓదెలు ఆమె కోసం నా తొట్టిలో ఐసుగడ్డ వేశాడు. నాకు వణుకు పుట్టింది, ఆమెకు మాత్రం చాలలేదు. పెళ్ళయ్యాక టెంటు హౌసాయన సామాన్లన్నీ అమ్మేసి వేరే వ్యాపారంలోకి దిగుతుంటే, ఓదెలు ఆ కూలరును ఇంటికి తెచ్చుకున్నాడు. "నా బిడ్డ పెండ్లి కూలర్" అని అందరికీ చూపించుకున్నాడు. నా సంగతి ఎత్తలేదు. సరే, అలవాటే.

వాళ్ళది కంపెనీ క్వార్టరు. రెండు గదులు, ముందు చిన్న వరండా, వెనక రవ్వంత జాగా. మే నెలలో ఆ స్లాబు కింద కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టే. అందులోనూ ఆ ఊరి గాలి మామూలు గాలి కాదు. మధ్యాహ్నం గనిలో పేలుళ్ళు పేలిస్తే కిటికీ రెక్కలు దడదడలాడేవి, కాసేపటికి నా తొట్టి నీళ్ళ మీద నల్లటి పొడి సన్నటి పొరలా పరుచుకునేది. మొదట్లో భయపడ్డాను. తర్వాత అలవాటైంది. ఆ బొగ్గు నీళ్ళే తాగి రెండు ఎండాకాలాలు నిక్షేపంగా పనిచేశాను. ఓదెలు రాత్రి షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, నా చల్లగాలిలో పొద్దంతా గుర్రుపెట్టి నిద్రపోయేవాడు. నేనూ గుర్రుమనేదాన్ని. ఇద్దరం ఒకరికొకరం తోడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. మూడో ఎండాకాలం రవళి పుట్టింటికి పురుటికి వచ్చింది. ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. తల్లినీ పిల్లనూ ఇంటికి తెచ్చిన రోజు నుంచి ఆ ఇంట్లో గాలికి నిషేధం. కిటికీలు మూసేశారు. రవళి తలకు ఉన్ని స్కార్ఫు, రెండు చెవుల్లోనూ దూది, కాళ్ళకు సాక్సులు. మంచం కింద కుంపటి, పొద్దునా సాయంత్రం ఊదు పొగ. పిల్లను ఒక బట్ట మీద ఇంకో బట్ట చుట్టి పొట్లం కట్టారు. బయట నిప్పులు కురుస్తున్నాయి, లోపల ఇదీ వైభవం. నేనేమో అటక మీద పాత దుప్పట్లో పడి ఉన్నాను. నాకే ఉక్కపోసింది, పచ్చి బాలింతకు ఎలా ఉండి ఉంటుందో మీరే చూసుకోండి.

"అమ్మా, కనీసం ఫ్యాన్ అన్న ఎయ్యే."

"గాలి సోకితే నరాలు గుంజుతయ్ బిడ్డా. ఇప్పుడు తెల్వది, ముసలితనంల తెలుస్తది."

"ముసలితనం దాంక బతుకుతనా నేను?"

"అసొంటి మాటలు మాట్లాడకు. నోరు కడుక్కో పో."

సమ్మక్కను తిట్టుకోకండి. ఆమెకు రవళి మొదటి కాన్పు కాదు. అంతకు ముందు ఒక పిల్లవాడు పుట్టాడు. వానాకాలం, తాటాకు ఇల్లు, గోడలోంచి ఈదురుగాలి. ఆ గాలికి పసివాడికి రొమ్ము పట్టేసి, నెల తిరగకుండానే పోయాడట. ఆ రోజు తన పైట చెంగు పిల్లవాడి మీద కప్పకుండా నిద్రపోయానని ఆమె ఇప్పటికీ అనుకుంటుంది. అటక కింద కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తూ ఆ మాట పక్కింటామెకు చెబుతుంటే విన్నాను. అందుకే ఆమెకు కప్పడం తెలుసు, చుట్టడం తెలుసు, ముడి వేయడం తెలుసు. విప్పడం ఎవరూ నేర్పలేదు.

పిల్లకు ఒళ్ళంతా చెమటకాయలు లేచాయి. ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరమ్మ కూలరు పెట్టమని గట్టిగా చెప్పింది. ఓదెలు ఆ సాయంత్రమే కూలరును కడిగి, కొత్త గడ్డి కట్టి, నన్ను అటక దింపి తొట్టిలో పెట్టాడు. అమ్మయ్య అనుకున్నాను. నా తొందరపాటు.

"డాక్టరమ్మ చెప్పింది గద, పెడుత," అంది సమ్మక్క. "కని ఆ బొగ్గునీళ్ళ గాలి నా పసిదానికి తాకనియ్య."

ఓదెలు షిఫ్టుకు వెళ్ళగానే ఆమె తన పాత నూలు చీర తీసింది. ఎన్నో ఉతుకులకు మెత్తబడ్డ చీర. ఒక ముక్క చించి, నాలుగు మడతలు పెట్టి, కూలరు వెనక గడ్డి తడక తీసి, చెయ్యి తొట్టిలోకి పెట్టి నన్ను పైకి తీసింది. నా ముక్కూ మూతీ కలిపి ఆ గుడ్డతో చుట్టింది. పసిపిల్లలకు పొత్తిగుడ్డ కట్టే ముడి ఉంటుందే, ఆ ముడి వేసింది. "ఇగ జల్లెడ పట్టినట్టు వస్తయ్ నీళ్ళు," అనుకుంటూ మళ్ళీ నీళ్ళలో కూర్చోబెట్టింది. ఎంత ప్రేమగా కూర్చోబెట్టిందో చెప్పలేను. అదే నా చావుకు వచ్చింది.

కాసేపు బాగానే సాగింది. గుడ్డలోంచి నీళ్ళు పీల్చాను, పైకి తోశాను, గడ్డి తడిసింది. గది చల్లబడింది. పిల్ల ఏడుపు ఆపింది. సమ్మక్క నాకు దండం కూడా పెట్టింది. ఇంతలో బొగ్గుపొడి వచ్చి గుడ్డకు పట్టింది. నాలుగు మడతలకూ పట్టింది. నల్లటి జిడ్డు అట్టలాగా అయింది. ఇక పీలిస్తే ఏముంది? ఎంత లాగినా బొట్టు రాదు. లోపల తీగ వేడెక్కి మాడుతున్న వాసన నాకే వస్తోంది. గుర్రుమన్నాను, గింజుకున్నాను. పైన గడ్డి ఎండిపోయింది. పంకా మాత్రం ఏమీ తెలియనట్టు ఎండుగడ్డిలోంచి సెగను తెచ్చి పిల్ల మీద కొట్టింది.

"పంపు పోయినట్టుంది," అన్నాడు ఇంటికి వచ్చిన ఓదెలు.

"ఆగు, నేను తీసిస్త," అంది సమ్మక్క. వెనక్కి వెళ్ళి నన్ను తీసి, ముడి విప్పి, గుడ్డను జాగ్రత్తగా పిండి తీగ మీద ఆరేసి, నన్ను ఉత్త ఒంటితో మొగుడి చేతిలో పెట్టింది. గుడ్డ సంగతి చెప్పనే లేదు. దాచిందని కాదు. బాలింత ఇంట్లో చేసే పనులు మగవాళ్ళకు చెప్పేవి కావు ఆ ఇంట్లో. కుంపట్లో ఏం వేశారో, దిష్టి ఎలా తీశారో ఓదెలు అడగడు, ఆమె చెప్పదు. ఇదీ అలాంటిదే అనుకుంది.

ఓదెలు నన్ను బకెట్లో ముంచి స్విచ్చు వేశాడు. నా ప్రాణం లేచి వచ్చింది! ఒక్క తోపుకు నీళ్ళు వరండా కప్పును తాకాయి. ఆయన ముఖం మీదా, బనియను మీదా పడ్డాయి.

"ఏందే ఇది! మంచిగనే ఉన్నది గద!"

"మంచిగుంటే పెట్టు మరి."

పెట్టాడు. ఆయన అన్నానికి కూర్చోగానే ఆమె వచ్చి చుట్టింది. పొద్దు వాలేసరికి నేను మళ్ళీ శవం. మర్నాడు ఆమె ముడి విప్పి తీసిచ్చింది, ఆయన బకెట్లో ముంచాడు, మళ్ళీ కప్పు దాకా కొట్టాను. పెట్టాడు, చచ్చాను. ముంచాడు, బతికాను. నేను ఏం పాపం చేశానని ఈ ఆట? నా జన్మలో ఇంత విసుగు ఎప్పుడూ పడలేదు. నోరుంటే అరిచేదాన్ని, "నా మూతి మీద గుడ్డ తియ్యండ్రా నాయనా" అని. నోరు ఉంది, నీళ్ళు పోయడానికే పనికొస్తుంది.

ఓదెలు మాత్రం ఏం చేస్తాడు? పైపు విప్పి ఊదాడు. పైన పళ్ళెంలో చిల్లులన్నీ చీపురుపుల్లతో పొడిచాడు. కరెంటు తక్కువ వస్తోందన్నాడు. ప్లగ్గు మార్చాడు. కూలరు కింద ఇటుక పెట్టి వాలు సరిచేశాడు. చివరికి కూలరును కాలితో తన్ని, కాలు పట్టుకుని వరండాలో కూర్చున్నాడు. కాలనీ వాళ్ళు వచ్చి తలా ఒక మాట అన్నారు. ఒకాయన దిష్టి అన్నాడు. సమ్మక్క వెంటనే కూలరుకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది. నా మూతికి కట్టిన గుడ్డ ఒకటి చాలదన్నట్టు.

ఇంతలో ఇరవై ఒకటో రోజు వచ్చింది. పిల్లను తొట్టెలలో, అదే ఉయ్యాలలో వేసే రోజు, చుట్టాలంతా వచ్చే రోజు. పొద్దున్నే భారతమ్మ తన కొడుకు కారులో వచ్చి దిగింది. కొడుకు ఆమెను దింపి, పని చూసుకుని సాయంత్రం వస్తానని వెళ్ళాడు. ఆమె మనవరాలిని ఎత్తుకుని పొట్లం విప్పబోతే సమ్మక్క "వద్దు వదినా, గాలి" అంది. అయినా భారతమ్మ విప్పింది. పిల్ల మెడ కింద, చంకల్లో, వీపు మీద ఎర్రగా కందిపోయి ఉంది. అక్కడక్కడ పొక్కులు చితికాయి. పిల్ల ఏడవడానికి కూడా ఓపిక లేక మూలుగుతోంది.

"వదినా, తప్పుగ అనుకోకు," అంది భారతమ్మ. "పిల్ల ఒళ్ళు సూడు, ఉడికిన కూరగాయ తీరుగున్నది. మా ఇంట్ల ఏసీ ఉన్నది. పొద్దు గూకంగ మా పిలగాడు కారు తెస్తడు. తల్లిని, పిల్లను తోల్కపోత."

"మూడో నెల పడకుంట ఎట్ల పంపుత వదినా! బిడ్డకు కుట్లు గూడ మానలె."

"పంపకు మరి. నాకేమన్న సరదానా? కారు వచ్చేలోపల ఆ కూలరు చల్లగాలి కొట్టిందనుకో, నేను నోరు మూసుకోని పోత. కొట్టకపోతే మాత్రం నువ్వు అడ్డం పడద్దు."

రవళి ఆ రాత్రులన్నీ తల్లి చెయ్యి పట్టుకునే నిద్రపోయింది, నాకు తెలుసు. అత్తగారి ఇంట్లో ఏసీ ఉంది గానీ, లేవగానే చీపురు పట్టాలని కూడా ఆమె తల్లికి చెప్పింది. ఈ మాట భారతమ్మ ముందు ఎవరు అంటారు?

ఓదెలు ఎండలో సైకిలెక్కి దుకాణానికి పోయి కొత్త పంపు తెచ్చాడు. నాకంటే పెద్దది, నీలిరంగుది. సమ్మక్క ఎప్పటిలాగే ముడి విప్పి తీసిచ్చిన నన్ను కిటికీ గట్టు మీద సబ్బుపెట్టె పక్కన పడేశాడు. అక్కడి నుంచి గదీ కనిపిస్తుంది, కూలరు వెనకవైపూ కనిపిస్తుంది. సరే, చూద్దామని కూర్చున్నాను.

మొదట నా పాత పైపు కొత్తదాని మూతికి పట్టలేదు. వేడినీళ్ళలో ముంచి సాగదీశాడు. ఊడిపోయింది. మైనం రాశాడు. మళ్ళీ ఊడి కంట్లో కొట్టింది. చివరికి పాత సైకిలు ట్యూబు ముక్క కోసి బిగించి కట్టాడు. చుట్టాలంతా గుమ్మం దగ్గర నిలబడి సలహాలు చెబుతున్నారు. బకెట్లో ముంచి చూశాడు. నీలిది నాకంటే ఎత్తుకు కొట్టింది. అందరూ చప్పట్లు. తొట్టిలో పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

సమ్మక్క వచ్చింది. ఆరిన గుడ్డ తెచ్చింది. కొత్తది కదా, ఇంకాస్త జాగ్రత్తగా, ఐదో మడత పెట్టి చుట్టింది. నేను గట్టు మీద నుంచి చూస్తూనే ఉన్నాను. నీలిదానికి చెబుదామంటే దానికి నా భాష రాదు.

చుట్టాలు భోజనాలకు కూర్చున్నారు. మధ్యాహ్నం పేలుడు వినిపించింది, కిటికీ రెక్కలు అదిరాయి. నల్లటి పొడి దిగింది. విస్తళ్ళు ఎత్తేసరికి కూలరు మళ్ళీ సెగ కొడుతోంది.

"దీనికి గూడ గదే రోగమా!" అన్నాడు ఓదెలు. సమ్మక్క ముడి విప్పి తీసిచ్చిన నీలి పంపును సంచిలో వేసుకుని మళ్ళీ ఎండలో సైకిలెక్కాడు. దుకాణంలో ఏం జరిగిందో ఆయన వచ్చి చెప్పాడు. దుకాణదారు బకెట్లో పెట్టి చూపించాడట. నీళ్ళు ఎగిరి పక్క దుకాణం గుడ్డల మీద పడ్డాయట. "ఓదెలన్నా, పంపు మంచిగున్నది, ఎండ నీ తలకెక్కింది, ఇంటికి పోయి మజ్జిగ తాగు" అన్నాడట. పైగా నలుగురిలో నవ్వాడట. ఆ మనిషి చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయి ఉంది. నీలిదాన్ని తొట్టిలో పెట్టి, పైపుకు ట్యూబు ఇంకో రెండు చుట్లు చుట్టి, ఎవరి ముఖమూ చూడకుండా వరండాలోకి పోయి గోడకు తల ఆనించి కూర్చున్నాడు. భారతమ్మ లోపల రవళి బట్టలు సర్దడం మొదలుపెట్టింది. మూలనున్న సంచి జిప్పు లాగిన చప్పుడు నా దాకా వినిపించింది.

సమ్మక్క కూలరు వెనక్కి వచ్చింది. కళ్ళు తుడుచుకుని, తడక తీసి, గుడ్డ మడత పెట్టి, నీలిదాని మూతికి చుట్టడం మొదలుపెట్టింది. కిటికీ అవతల మంచం మీద రవళి పక్కకు తిరిగి పడుకుని ఉంది. తలకు స్కార్ఫు, చెవుల్లో దూది. ఆగిన పంకా రెక్కల సందులోంచి తల్లి చేతులు చూసింది.

"అమ్మా."

"ఆఁ బిడ్డా."

"ఏం చేస్తున్నవే?"

"నల్లనీళ్ళు గుంజద్దని గుడ్డ కడుతున్న."

రవళి మోచేతి మీద లేచింది. కుట్లు లాగాయి కాబోలు, పెదవి కొరుక్కుంది.

"రోజూ కడుతున్నవా?"

"కట్టకుంటె ఎట్ల? ఆ బొగ్గంత పిల్ల ముక్కులకు పోదా?"

"అమ్మా, దానికి గూడ బాలెంతతనమేనా?"

సమ్మక్క చెయ్యి ఆగింది. రవళి నవ్వబోయి ఏడ్చింది.

"దానికి ఊపిరి ఆడుతలేదే. నాకు గూడ ఆడుతలేదు. నా పిల్లకు గూడ ఆడుతలేదు. నీ దగ్గర ఉండాలనే ఉన్నది అమ్మా, మూడు నెలలు కాదు, ఆరు నెలలైనా ఉంట. కని ఇట్ల చుట్టి పెడితే ఉండలేను. అత్తమ్మతోనే పోత. ఆడ చీపురు పట్టిస్తది, కానీ కిటికీ తెరుస్తది."

ఇంట్లో చుట్టాల మాటలు వినిపిస్తున్నాయి, ఎక్కడో గిన్నెలు కడుగుతున్నారు. సమ్మక్క ఆ గుడ్డ కొసలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. ముడి వేయబోయే వేళ్ళు అటూ ఇటూ కదిలాయి. నేను గట్టు మీద ఊపిరి బిగబట్టాను, నాకు ఊపిరి లేకపోయినా. ఆమెకు ఏం గుర్తొచ్చిందో నేను చెప్పనక్కర్లేదు. తాటాకు గోడలోంచి వచ్చిన గాలి గుర్తొచ్చి ఉంటుంది.

"తమ్ముడు లాగ అయితే ఎట్ల బిడ్డా?" అంది. పుట్టి పోయినవాడు రవళికి అన్న అవుతాడు. అంత పసివాడిని అన్న అనడానికి ఆమెకు నోరు రాదు.

"కాదే అమ్మా. సూడు, ఎండలు ఎట్లున్నయో. ఇది వానకాలం గాదు."

సమ్మక్క గుడ్డ లాగింది. చుట్టు వెనక చుట్టు విప్పింది. ఐదు మడతలూ విప్పి చూస్తే మధ్యలో అరచేయంత నల్లటి పెంకు. పిండి ఆరేసినా అది వదల్లేదు. దాన్ని వేలితో గోకి చూసింది. గుడ్డను నేల మీద వదిలేసి, నీలి పంపును ఉత్తగా నీళ్ళలో దింపి స్విచ్చు వేసింది.

నీళ్ళు పైకి ఎక్కాయి. పళ్ళెంలో గలగలమన్నాయి. ఎండుగడ్డి చిటపటలాడి, తడిసి, రంగు మారింది. చల్లటి గాలి గదిలోకి వెళ్ళింది. తర్వాత సమ్మక్క లోపలికి వెళ్ళింది. రవళి తల మీద స్కార్ఫు తీసింది. కాళ్ళ సాక్సులు తీసింది. ఒక చెవిలో దూది తీసింది. రెండో చెవిది ఉంచింది. అంతవరకే ఆమెకు చేతనయింది, ఇంకా అడగకండి. పిల్ల పొట్లం విప్పి ఒక్క పలుచటి గుడ్డ మీద పడుకోబెట్టింది. గాలి తగిలి పిల్ల తుమ్మింది.

ఆ ఒక్క తుమ్ముకు సమ్మక్క చెయ్యి పైట చెంగు దాకా వెళ్ళింది. రవళి తల్లి మణికట్టు పట్టుకుంది, గట్టిగా కాదు. ఇద్దరూ పిల్లనే చూస్తూ కూర్చున్నారు. పిల్ల ఇంకో తుమ్ము తుమ్మలేదు. కాళ్ళు రెండూ చాపి, వేళ్ళు విప్పి, ఇరవై ఒక్క రోజుల తర్వాత మొదటిసారి తన ఒంటిని తాను సాగదీసుకుని నిద్రపోయింది.

కారు హారను వినిపించింది. భారతమ్మ సంచి పట్టుకుని గదిలోకి వచ్చి గుమ్మంలోనే ఆగింది. చల్లగాలి ఆమె ముఖానికి తగిలింది. మనవరాలి దగ్గర కూర్చుని, మెడ కింద చెయ్యి పెట్టి చూసింది.

"ఏమైండె వదినా ఈ కూలరుకు?"

సమ్మక్క రవళి వైపు చూసింది. రవళి పైకప్పు వైపు చూసింది.

"పాత పంపు ఖరాబైండె వదినా. కొత్తది ఏసినం," అంది సమ్మక్క.

విన్నారా? నేను! నేను ఖరాబట! గట్టు మీద నేను విని ఉడికిపోయాను. భారతమ్మ సంచి తిరిగి మూలన పెట్టి, "సరే మరి, మూడో నెలల వస్త. అప్పుడు గూడ ఏమన్న అంటే ఊకోను" అని, కూలరు ఎదుట కుర్చీ వేసుకుని, చాయ్ తాగి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు చీర తడిసిందని ఒక మాట అననే అంది. ఓదెలు అయితే మీసం దువ్వుకుంటూ అందరికీ ఒకటే చెప్పాడు, "సైకిల్ ట్యూబ్ కట్టుడుతోని సెట్టయింది" అని. దుకాణదారుకూ పోయి చెప్పాడట. ఇప్పటికీ ఆయన నమ్మకం అదే.

ఆ ఎండాకాలం అంతా నేను కిటికీ గట్టు మీదే ఉన్నాను. నా కళ్ళ ముందే నీలిది గలగలా నీళ్ళు పోసింది, మెప్పులు కూలరుకు పోయాయి. తిరిగి నన్ను పెట్టాలని ఎవరికీ తోచలేదు. ఎందుకు తోస్తుంది? తీసేసినదాన్ని మంచిదని తెలిశాక కూడా మనుషులు మళ్ళీ పెట్టుకోరు. పెట్టుకుంటే తీసినందుకు సిగ్గుపడాలి కదా. రవళి పిల్లను ఒడిలో వేసుకుని నా పక్కనే కూర్చునేది. పిల్ల నా వైరుతో ఆడుకోబోతే "ఛీ, మట్టి" అని చెయ్యి తీసేసేది. పోనీలే, పిల్ల చెయ్యి తగిలింది.

వానలు పడ్డాక పాత సామాన్ల బండి వచ్చింది. ఉల్లిగడ్డలు ఇచ్చి పాత ఇనుమూ ప్లాస్టిక్కూ తీసుకునే బండి. సమ్మక్క చిల్లుపడ్డ బిందె, విరిగిన కుర్చీ కాలు, వాటి మీద నన్ను పెట్టి తెచ్చింది. బండాయన నన్ను ఎత్తి తిప్పి చూశాడు.

"పని చేస్తదా అమ్మా?"

సమ్మక్క వెనక్కి తిరిగి చూసింది. వరండాలో ఓదెలు మంచం మీద కునుకుతున్నాడు. ఇంకెవరూ లేరు. గొంతు తగ్గించి అంది:

"చేస్తది. మంచిగ చేస్తది. దానికేం కాలె."

నా ఒళ్ళంతా ఝల్లుమంది. ఆ మాట కోసమే కదా ఇన్నాళ్ళూ గట్టు మీద ఎండిపోయాను! బండాయన పళ్ళు బయటపెట్టి నవ్వాడు.

"అందరు గట్లనే అంటరు తీయమ్మా," అని నన్ను గుట్ట మీదికి విసిరేశాడు. సమ్మక్క ఇంకేదో అనబోయింది. లోపల పిల్ల ఏడుపు వినిపించింది. ఉల్లిగడ్డలు కొంగులో వేసుకుని లోపలికి పరుగెత్తింది.

ఇప్పుడు నేను ఊరి చివర ఒక రేకుల షెడ్డులో ఉన్నాను. నా పక్కన ఒక మిక్సీ, దాని పక్కన ఇస్త్రీ పెట్టె, పైన ఒక పంకా, ఇంకా ఎవరెవరో. ఎవరిని కదిలించినా ఒకటే పాట, "నాకేం కాలేదు, నేను బాగానే ఉన్నాను" అని. వచ్చిన కొత్తలో నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వడం లేదు. పనేమీ లేదు కాబట్టి, ఒక్కొక్కరినీ దగ్గరికి తీసుకుని అడుగుతున్నాను: నిన్ను దేంతో చుట్టారు తల్లీ?